తొమ్మిదో మాట

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే. "నీ కాళ్ళ కింద ఎవరన్నా నిప్పులు పోశారా?" అనేది అమ్మ. అలాంటిదానికి ఏరికోరి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కొక్కరికీ అరవై సెకన్లు కొలవడం. రోజుకు నలభై మంది. ఆఫీసులో నన్ను నిమిషం మేడమ్ అంటారు. నా ఎదురుగా అనరు, అంటే ఊరుకోనని వాళ్ళకి తెలుసు.

ముందు ఆ పనేమిటో చెబుతాను, లేకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. ఏ పద్ధతిలో పాఠం చెబితే పిల్లలకు చదవడం బాగా వస్తుందో బళ్ళకి వెళ్ళి కొలిచే ఆఫీసు మాది. మూడో తరగతి పిల్లకి ఒక కార్డు ఇస్తాను. దాని మీద పెద్ద అక్షరాలతో చిన్న కథ ఉంటుంది. నా ఒళ్ళో అదే కథ విడిగా టైపు చేసిన కాగితం ఉంటుంది, మాటకో నంబరుతో. పిల్ల పైకి చదువుతుంటే తప్పు పోయిన మాట మీద గీత గీస్తాను. ఎక్కడైనా మూడు సెకన్లు ఆగితే గీత గీసి, "తర్వాత మాట" అంటాను. నిమిషంలో ఎన్ని మాటలు సరిగ్గా చదివితే అదే ఆ పిల్ల మార్కు. మధ్యలో కబుర్లు చెప్పకూడదు, నవ్వకూడదు, శభాష్ అనకూడదు, మొహం గోడలా పెట్టుకోవాలి. ఈ ఆఖరిది నాకు పుట్టుకతోనే వచ్చిందంటాడు అన్నయ్య.

ఈ ఏడాది ఆరు బళ్ళు తీసుకున్నాం. మూడింట్లో మామూలు చదువు. మిగతా మూడింట్లో రోజుకొక గంట 'ఆగే గంట'. ఆ గంటలో ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. ఎవరికి ఏది అర్థం కాకపోయినా చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే చదువు ఆగాలి, ఆ సంగతి తేలేదాకా ముందుకు పోకూడదు. దీన్ని మొదలుపెట్టింది ఎవరో కాదు, మా వదిన. పదకొండేళ్ళుగా మూడో తరగతి టీచరు. ఈ ఒక్క గంట కోసం నాలుగేళ్ళు అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి, "సరే, ఒక్క ఏడాది చూద్దాం. అంకెలు బాగుంటే ఉంచుదాం. లేదంటే గంటా ఉండదు, మీకు క్లాసూ ఉండదు, రిజిస్టర్లు రాసుకుందురుగాని" అన్నారు. అంటే వదిన క్లాసు నా స్టాప్‌వాచ్ చేతికొచ్చింది.

నిజానికి నేను ఆ బడికి వెళ్ళకూడదు. బంధువులున్న బడిలో కొలవకూడదని రూలు. వెళ్ళాల్సిన అమ్మాయికి జ్వరం తగిలింది, నన్ను పొమ్మన్నారు. "ఈ బడిలో నాకు బంధువులెవరూ లేరు" అని కాగితం, కింద సంతకం. ఇప్పుడు కాదంటే ఇంకొకరిని వెతకాలి, రెండు రోజులు ఆలస్యం. నాకు ఆలస్యమంటే ఒళ్ళుమంట. గీకి పారేశాను.

వదిన క్లాసు కాబట్టి ఇంకా గట్టిగా పట్టాను. మరదలు మార్కులు వేసిపెట్టిందని రేపెవరూ అనకూడదు కదా! మామూలుగా మూడో సెకను దాటాక ఒక అర సెకను చూసీచూడనట్టు వదిలేస్తాను. ఆ రోజు అది కూడా వదల్లేదు.

కథ ఇలా మొదలవుతుంది: వాన వెలిసింది. మేక కొండ ఎక్కింది. అక్కడ పచ్చి గడ్డి మేసింది. మొదటి పిల్లవాడు తొమ్మిదో మాట దగ్గర నీళ్ళు నమిలి, "మోసింది" అన్నాడు. గీత. రెండో అమ్మాయి అక్కడే ఆగి కార్డు వంక మిడుకూ మిడుకూ చూసింది. గీత. మూడో పిల్ల "మోసింది" అని కిసుక్కున నవ్వింది. గీత. ఈ పిల్లలకి ఏత్వం ఏదో, ఓత్వం ఏదో తెలియదన్నమాట అనుకున్నాను. వదిన మీద జాలేసింది కూడా.

ఐదో పిల్ల లోపలికి రాగానే పోల్చుకున్నాను. ముందు పళ్ళు రెండూ ఊడిన నోరు, బిగించి వేసిన జడ. వదిన ఇంట్లో రోజూ చెప్పే ఎందుకమ్మ ఈవిడే. ప్రతిదానికీ ఎందుకు అంటుందని వదిన పెట్టిన పేరు.

"వాన వెలిసింది. మేక కొండ ఎక్కింది. అక్కడ పచ్చి గడ్డి..." ఆగింది. కార్డు మొహానికి దగ్గరగా లాక్కుంది. తర్వాత చెయ్యెత్తింది.

ఒకటి, రెండు, మూడు. గీత. "తర్వాత మాట."

"కాదండీ, మేక గడ్డి..."

"మాట్లాడకూడదు. తర్వాత మాట."

"ఎవరికోసం..."

"టైం పోతోందమ్మా!"

ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మిగతా కథ ఆ పిల్ల మాటమాటకీ నా పెన్సిలు వైపు చూసుకుంటూ చదివింది. అప్పుడు నాకది పట్టలేదు. బయట ఇంకా ఇరవై ఎనిమిది మంది ఉన్నారు.

మధ్యాహ్నానికి ముప్పై మూడు కాగితాలూ అయిపోయాయి. ఒక్కొక్కరికి సగటున ఇరవై తొమ్మిది మాటలు. మామూలు బళ్ళలో నలభై ఒకటి వచ్చింది. వదిన గంట కథ ముగిసినట్టే. బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా సరే.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వదిన టీ పెడుతోంది. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అన్నయ్య బస్సుల షెడ్డులో మెకానిక్కు, అప్పుడే వచ్చి గోళ్ళలో గ్రీజు పోగొట్టుకుంటున్నాడు. నేను వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను.

"ఎలా చదివారే?" అంది వదిన, గ్లాసు అందిస్తూ.

"చెప్పకూడదు వదినా. తెలుసుగా."

"చెప్పకులే. పోనీ మేక సంగతి చెప్పు. ఎవరికోసం మోసింది?"

"ఏమిటీ?"

"గడ్డి. మా పిల్లలు మధ్యాహ్నమంతా నన్ను తినేశారు. మేక గడ్డి మోసిందట, ఎవరికోసమో తర్వాత కథలో ఎక్కడా లేదట. పిల్ల కోసమని కొందరు, కాళ్ళు విరిగిన ఇంకో మేక కోసమని కొందరు. మా ఎందుకమ్మ అయితే, మేకకి చేతులు లేవు కదా, నోట్లో పెట్టుకుని మోస్తుంది, మరి దారిలో మింగకుండా ఎలా ఆపుకుంది అని అడిగింది."

"మోయడమేమిటి నా మొహం! మేసింది. మీ పిల్లలకి ఏత్వానికీ ఓత్వానికీ తేడా తెలియదు. ఆగే గంటలో ఆగి ఆగి అక్షరాలు మర్చిపోయినట్టున్నారు."

నోరు జారింది. వదిన తన గ్లాసు గట్టు మీద పెట్టింది.

"ముప్పై మూడు మందికీ ఒక్కచోటే తెలియకుండా పోయిందా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. సంచీలోంచి కార్డు లాగి, వేలు పెట్టి మరీ చదివాను. "అక్కడ, పచ్చి, గడ్డి, మేసింది. చూశావా?"

అన్నయ్య చెయ్యి తుడుచుకుంటూ నా భుజం మీంచి వంగాడు. మా అన్నయ్య చదువు సంగతి చెప్పాలి. పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం నట్టు విప్పినట్టు విప్పి చదువుతాడు. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుందని ఏడిపించేదాన్ని.

"మో... సిం... ది," అన్నాడు. "మోసింది అని ఉంది కదే."

"కళ్ళు కనపడట్లేదా నీకు?"

"నాకు కనపడుతున్నాయి. నువ్వే చూడు."

చూశాను. మేసింది. ఇంకోసారి చూశాను. మేసింది. మూడోసారి, అన్నయ్య మాసిన గోరు ఆ అక్షరం కింద పెట్టాక, కనపడింది. మకారానికి ఓత్వం. మోసింది. నా కాగితంలో మేసింది, పిల్లల కార్డులో మోసింది. పిల్లల చేతిలో కార్డు వాళ్ళ వైపు తిరిగి ఉంటుంది, నా కాగితం నా వైపు. రెండూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు.

ఆ కార్డు అచ్చుకెళ్ళే ముందు ప్రూఫు చూసింది నేనే. ఒక్క నిమిషంలో చూసి పడేశాను, అందరికంటే ముందు ఇచ్చానని మురిసిపోయాను కూడా. మేక, గడ్డి కనపడగానే మూడోది నా నోరే అనేసింది. కళ్ళు చదవనేలేదు.

మామూలు బళ్ళలో పిల్లలు కూడా అచ్చం నాలాగే చదివారు. మేక, గడ్డి, మేసింది, గడగడా. వాళ్ళకి మార్కు పడింది. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు చదివినవాళ్ళకి గీత పడింది. అర్థం కాక చెయ్యెత్తిన పిల్లకి గీతా పడింది, టైమూ పోయింది, నా చేత చీవాట్లూ పడ్డాయి. గీత పడ్డాక మిగతా కథంతా నా పెన్సిలు చూసుకుంటూ తడబడ్డారు, అందుకే అన్ని మాటలు తగ్గాయి.

సంచీలో ఉన్న కాగితాలన్నీ తీసి చాప మీద పరిచాను. ముప్పై మూడింట్లో ఇరవై ఏడింటి మీద తొమ్మిదో మాటకి గీత. అన్నీ నా చేతి గీతలే.

"నా పిల్లలు చదివారు కాబట్టి ఆగారు," అంది వదిన. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "రిపోర్టు ఎప్పుడు పంపుతారు?" అంది.

"శుక్రవారం."

"ఇవాళ మంగళవారం."

నాకు కోపం ఎవరి మీద వెళ్ళగక్కాలో తెలియక అన్నయ్య మీద అరిచాను, గోళ్ళలో గ్రీజు నేల మీద రాల్చకని. పాపం, లేచి గుమ్మం బయటికి వెళ్ళి కూర్చున్నాడు.

*

మా పై అధికారిని సగటు గారు అంటాం. మనిషి మంచివాడే. ఇంటికి ముగ్గురు చుట్టాలొస్తే సగటున ఒక్కొక్కరు ఎన్ని రోజులుంటారో లెక్కేసే రకం. బుధవారం పొద్దున్నే ఆయన గదిలో కాగితాలు పరిచాను. నేను తెచ్చినవే కాదు, ఆగే గంట ఉన్న మిగతా రెండు బళ్ళవి కూడా. అక్కడ కొలిచింది వేరేవాళ్ళు. అక్కడా తొమ్మిదో మాట మీద గీతలే గీతలు. మామూలు బళ్ళ కాగితాల్లో ఆ గడి శుభ్రంగా ఉంది.

ఆయన కార్డూ కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను కిటికీ దాకా వెళ్ళి వచ్చాను.

"కూర్చోండి మేడమ్, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నారు. "కార్డులో తప్పుంది, ఒప్పుకుంటాను. కానీ గీత ఉందిగానీ పిల్లలు ఏం చదివారో ఎక్కడుంది? మోసింది అన్నారో, చదవలేక నోరెళ్ళబెట్టారో ఎవరికి తెలుసు?"

"నేను విన్నానండీ. మోసింది అనే అన్నారు. ఆ బళ్ళో టీచర్ని పిల్లలు అడిగారు కూడా, మేక ఎవరికోసం మోసిందని."

"టీచరు మీతో ఎప్పుడు చెప్పారు?"

"నిన్న సాయంత్రం."

"ఎక్కడ?"

కుర్చీలోంచి లేచాను, ఆయన చూపు చూసి మళ్ళీ కూర్చున్నాను.

"ఇంట్లోనండి. ఆవిడ మా వదిన."

ఆయన సొరుగులోంచి నా సంతకం ఉన్న కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"సంతకం నాదే. ప్రూఫు చూసిందీ నేనే. రెండు తప్పులూ నావే సార్. నన్నేం చేసినా సరే. ఆ మార్కులు మాత్రం అలా పంపకండి. ఆ పిల్లలు ఒక్క అక్షరం తప్పు చదవలేదు."

సగటు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "రేపు నేనూ వస్తాను. అదే బడి, అదే కార్డు. నా ఎదురుగా చదివించండి. మీ వదినగారు ఈలోగా పిల్లల దగ్గర ఈ మాట ఎత్తకూడదు. మీరు నోరు విప్పకూడదు. వాళ్ళు మోసింది అన్నారా, కార్డు తీసేసి అన్ని బళ్ళలో మళ్ళీ కొలుద్దాం. అనలేదా, రిపోర్టు శుక్రవారమే వెళ్తుంది. మీరు ఇంకో పని వెతుక్కోండి."

ఆ రోజు ఇంట్లో వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఏమైనా అంటే పొరపాటున సలహా అయిపోతుందేమోనని భయం.

*

గురువారం అదే గది, అవే చిన్న కుర్చీలు. సగటు గారు తన కుర్చీలో సగమే పట్టారు. నా పాదం దానంతటదే నేలని కొడుతోంది.

మొదటి పిల్లవాడు వచ్చాడు. మొన్న మొట్టమొదట మోసింది అన్నది వీడే. "వాన వెలిసింది. మేక కొండ ఎక్కింది. అక్కడ పచ్చి గడ్డి మేసింది," అని దౌడు తీశాడు.

మేసింది! నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. రెండో అమ్మాయి కూడా మేసింది అంది, ఎక్కడా ఆగకుండా. మూడో పిల్ల నవ్వనైనా నవ్వలేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. అందరికీ మేసిందే. సగటు గారు ఒక్కో టిక్కు పెడుతున్నారు. ఏడో టిక్కు పెట్టి పెన్ను మూత బిగించారు.

"ఇక చాలనుకుంటాను," అన్నారు, నా వైపు చూడకుండా.

కొంప మునిగింది. వరండాలో వదిన వీపు కనపడుతోంది, అటు తిరిగి నిలబడింది. నాలుగేళ్ళ అర్జీలు, ఆ గంట, ఆ క్లాసు, అన్నీ నేను నా చేత్తో ముంచాను.

"ఇంకొక్కరు సార్. ఒక్కరే."

ఈసారి వరసలో వెనక్కి పోయిన ఎందుకమ్మ వచ్చి కూర్చుంది. చేతులు రెండూ కార్డు అంచుల్ని గట్టిగా పట్టుకున్నాయి. "అక్కడ పచ్చి గడ్డి..." అని, కళ్ళెత్తి నా పెన్సిలు చూసి, "మేసింది," అంది.

నేను వాచీ ఆపేశాను.

"అక్కడ ఏమని ఉందమ్మా?"

"మేడమ్!" అన్నారు సగటు గారు.

"ఉండండి సార్! చెప్పు తల్లీ, ఆ కార్డు మీద ఏమని ఉంది?"

ఆ పిల్ల కార్డు చూసింది, నన్ను చూసింది. "మోసింది అని ఉంది."

"మరి మేసింది అన్నావేం?"

"మొన్న మోసింది అంటే మీరు గీత గీశారు కదండీ. నేను అడగబోతే టైం పోతోందన్నారు. బయటికెళ్ళాక అందరం మాట్లాడుకున్నాం. మోసింది అన్నవాళ్ళందరికీ గీత పడింది. అంటే మీకు మేసింది కావాలన్నమాట. మళ్ళీ వస్తే మేసింది అనేద్దాం అనుకున్నాం."

"మీ టీచరు చెప్పమన్నారా?" అడిగారు సగటు గారు.

"టీచర్‌కి ఇది చెప్పలేదండీ. టీచర్ అయితే, మోసింది అని ఉంటే మోసింది అనే చదవండి, ఎవరికోసమో కనుక్కుందాం అంటారు. అప్పుడు మళ్ళీ టైం పోతుంది."

సగటు గారు తనే లేచి తలుపు దాకా వెళ్ళి, ముందు చదివిన ఏడుగురినీ ఒక్కొక్కరినే పిలిచారు. కార్డు చూపించి, "ఇక్కడ ఏముంది?" అని అడిగారు. మోసింది, మోసింది, మోసింది. ఏడుగురూ అదే చెప్పారు. ఆఖరివాడు, "మీకేది కావాలి సార్?" అని కూడా అడిగాడు.

"కార్డు తీసేద్దాం మేడమ్," అన్నారాయన. తలెత్తలేదు.

*

కొత్త కార్డు వేశారు. దాని ప్రూఫు నలుగురు చూశారు, అందులో నేను లేను. ఆరు బళ్ళలోనూ మళ్ళీ కొలిచారు. నాకు మెమో ఇచ్చి మూడు నెలలు ఆఫీసులోనే కూర్చోబెట్టారు. నన్ను కూర్చోబెట్టడమంటే అంతకంటే పెద్ద శిక్ష లేదు.

అంకెలు వచ్చిన రోజు మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తాను. వదిన బడి నుంచి వచ్చేదాకా వాకిట్లో పచార్లు చేస్తూనే ఉన్నాను.

"నలభై ఆరు!" అన్నాను, చెప్పులన్నా విడవనివ్వకుండా. "మామూలు బళ్ళలో నలభై. ఆగే గంట ఉంటుంది వదినా! నీ క్లాసు నీదే!"

వదిన నా చెయ్యి పట్టుకుంది. సంతోషపడింది, అబద్ధం చెప్పను. కానీ చెప్పులు విడిచి గోడకి చేరబడి కూర్చుంది.

"ఎక్కడన్నా ఆగారా ఎవరైనా?"

"ఒక్కరు కూడా ఆగలేదు. గడగడా చదివేశారట."

"క్లాసులోనూ ఆగట్లేదే ఇప్పుడు. వారం బట్టి చూస్తున్నాను. ఇవాళ బోర్డు మీద కావాలనే తప్పు రాశాను. చేప నీళ్ళలో ఊదింది, అని. ఒక్కరైనా అడుగుతారని. అందరూ ఈదింది అని చదివేసి చేతులు కట్టుకున్నారు."

"ఎందుకమ్మ కూడానా?"

"అదీ చదివింది. తర్వాత చెయ్యి ఇంతే ఇంత ఎత్తి," వదిన తన చెయ్యి చెవి దాకా లేపి చూపించింది, "టీచర్, ఇది పరీక్షా? అని అడిగింది. కాదన్నాను. అప్పుడు లేచాయి చేతులు, ముప్పై మూడూ. అందరూ చూశారే అమ్మాయ్. చూసి ఊరుకున్నారు."

నాకు నిలబడబుద్ధి కాలేదు. వదిన పక్కన కూర్చున్నాను. నా చేతిలో నలభై ఆరు అని రాసిన కాగితం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక్క నిమిషం, అంతే నేను ఆ పిల్లతో గడిపింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

"నేనొకసారి మీ క్లాసుకి రానా వదినా? వాచీ తీసుకురాను. పెన్సిలు కూడా తేను."

"వచ్చి ఏం చేస్తావ్?"

"మేక ఎవరికోసం మోసిందని ఆ పిల్ల నన్నే అడగబోయింది. నేను వినలేదు. కూర్చుని వింటాను, ఎంతసేపైనా సరే."

వదిన నన్ను ఎగాదిగా చూసింది. నేను కూర్చుంటానన్నందుకు నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"రా," అంది. "ఎవరు కాదన్నారు? కానీ ముందే చెబుతున్నా, నువ్వు గుమ్మంలో కనపడగానే అందరూ గడగడా చదవడం మొదలుపెడతారు."